ముల్లా లేని దసరా

కొన్నేళ్ల కిందట మెదక్ గ్రంథాలయంలో ఒక ఉపన్యాసం పెట్టారు. నేను ఉపన్యాసం కోసం వెళ్లలేదు. బ్యాంకు పని మీద బయటికి వచ్చి, ఎండకు తాళలేక, లోపల ఫ్యాను తిరుగుతోంది కదా అని వెళ్లి కూర్చున్నాను. వేదిక మీదున్న పెద్దమనిషి మంచి మాటకారి. "ఏ దేశమైనా తీసుకోండి, ఏ కాలమైనా తీసుకోండి, యుద్ధాలన్నిటికీ మూలం మతమే. మతమనేది లేకపోతే మనుషులు కొట్టుకోవాల్సిన అవసరమే లేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, "మీరు కొట్టరేంది?" అంది.

ఆయన మాట తప్పని నాకు అనిపించలేదు. నిజమనీ అనిపించలేదు. నాకు ఒక మేక గుర్తొచ్చింది. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు మా అత్త మొక్కిన మేక. ఆ మేక సంగతి చెబితే ఆ పెద్దమనిషి ఏమంటాడో తెలుసుకోవాలని నాకు ఎంతో ఉండేది. ఆయన మళ్లీ ఈ ఊరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను మెదక్‌కు కోడలిగా వచ్చేనాటికి ఇంకా చిన్నపిల్లనే. పుట్టిల్లు ఎల్దుర్తి పక్క పల్లె. అత్తవారికి బజారులో బెల్లం, పొగాకు అమ్మే చిన్న దుకాణం ఉండేది. మామ అప్పటికే పోయాడు. ఇంట్లో అత్త, నా భర్త, నేను. చిన్నప్పటినుంచీ నాకొక జబ్బు, ఏది చూసినా ఎందుకు అని అడగడం. అత్తకు అది పడేది కాదు. "నీ నోరు ఊకుండదా పిల్లా? గా ఎందుకు అన్న మాటను మీ అమ్మగారింట్లనే ఇడిసిపెట్టి రాకపోయినవా?" అనేది.

కొత్తల్లోనే ఒకసారి ఇంటి ముందు మేకను కట్టేసి అందరూ ఊరికే కూర్చున్నారు. ఎవరి కోసమని అడిగితే ముల్లా కోసమన్నారు. ఆయన మా వాడకట్టు చివరి ఇంట్లో ఉండేవాడు. పొట్టి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, ఎప్పుడూ ఏదో గొణుగుతున్నట్టుండే పెదవులు. వచ్చి, మేకను పడమటికి తిప్పి, తన దేవుడి పేరు చెప్పి కోశాడు. తన వంతు మాంసం మోదుగాకులో కట్టుకుని వెళ్లిపోయాడు. మా వైపు చాలా ఇళ్లలో అంతే. ముల్లా కోస్తేనే అది తినే మాంసం, లేకపోతే చచ్చిన జంతువుతో సమానం. మంజీర నది ఒడ్డున ఉన్న ఏడుపాయల అమ్మవారికి మొక్కిన మేకైనా సరే. ముందు పసుపునీళ్లు చల్లాలి. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ముల్లా చేతికి అప్పగించాలి.

నేను ఊరుకుంటానా? "అమ్మవారు మనామె గదా అత్తా, కోసేటాయన దేవుడు వేరే గదా?" అని అడిగాను.

"ఇచ్చేది అమ్మకు, తినేది మనం. నడుమ పాణం తీసేటోనికి జర భయముండాలె. గా మనిషికున్నది" అంది అత్త.

అలాగని ఆయన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. ఆయన నీళ్లడిగితే చెంబు పైకెత్తి దోసిట్లో పోసేది. ఆయన కోసిన మాంసం మా కడుపులోకి పోవచ్చు, ఆయన చెయ్యి మా చెంబుకు తగలకూడదు. ఇదెందుకని అడిగితే మాత్రం, "గదంతే" అనేది. ఆయన మాత్రం అత్తను నోరారా అక్కా అని పిలిచేవాడు.

ఆ ఏడు ఎండాకాలం మెదక్ చుట్టూ పల్లెలు కుతకుతలాడాయి. నిజాం రాజ్యానికి అవి చివరి రోజులని అప్పుడు మాకు తెలియదు. పల్లెల్లో సంఘం వాళ్లు దొరల మీద తిరగబడుతున్నారు. వాళ్లను పట్టుకోవడానికి సర్కారు పక్షాన ఖాకీ చొక్కాల మూకలు తుపాకులతో తిరుగుతున్నాయి. మా అన్న సంఘంలో చేరాడు. ఒక మధ్యాహ్నం బెల్లం కొనడానికి వచ్చినవాడిలా దుకాణం దగ్గరికి వస్తే, నేను గుసగుసగా, "మీ కొట్లాట తురకోళ్ల మీదనా అన్నా?" అని అడిగాను.

మా అన్న నవ్వాడు. "మనూరి దొర తురకోడా? పొద్దున లేస్తే గంటసేపు పూజ జేస్తడు. మన భూమి గుంజుకున్నదెవరు? ఆయనే గదా. మాది భూమి కొట్లాట చెల్లె. దేవునితోని మాకేం పని?" అన్నాడు. నాకు బాగానే అర్థమైందనుకున్నాను.

మా అన్న బెల్లం తీసుకుపోయిన సంగతి ఎవరు మోశారో తెలియదు. ఖాకీ చొక్కాల వాళ్లు వచ్చి నా భర్తను ఊరి బయట తమ డేరాల దగ్గరికి పట్టుకుపోయారు. అత్త వాకిట్లో నిలబడి, ఏడుపాయల వైపు తిరిగి, కొంగు చాపింది. "నా కొడుకు పాణంతోటి ఇంటికొస్తే మేకను ఇచ్చుకుంట తల్లీ" అంది. అమ్మవారికి మొక్కేసి, ఆ అడుగునే ముల్లా ఇంటికి నడిచింది.

ముల్లాకు ఆ డేరాలు కొత్త కాదు. అక్కడికి రోజూ మేకలు కోయడానికి వెళ్లేవాడు. ఆ మేకలను పంపేది మా వాడకట్టు పెద్ద. ఆయన మా మనిషే, మా దేవుళ్లకే మొక్కేవాడు. ఊరి చుట్టూ భూములున్నవాడు. సంఘం వాళ్లు తన గాదెల మీద పడకుండా ఖాకీ చొక్కాల వాళ్లు కాపలా కాయాలి కదా, అందుకని వాళ్లకు బియ్యమూ మేకలూ తోలేవాడు. ముల్లా వెళ్లి, "గీ పిల్లగాడు తప్పు జేసిండంటే నన్ను కట్టేయుండ్రి" అని అడ్డం కూర్చున్నాడట. నా భర్త వాచిన కాళ్లతో ఆయన భుజం పట్టుకుని ఇంటికి వచ్చాడు. డేరాల్లో ఏమడిగారని అడిగాను. "నీ దేవుడెవరని ఒక్కడు అడుగలే. బెల్లం ఎవరికిచ్చినవని అడిగిన్రు" అన్నాడు.

మొక్కు తీర్చాలి. కానీ వానలు పడి మంజీర పొంగింది. ఏడుపాయల గుడి మెట్లు నీళ్లలో ఉన్నాయని బండివాళ్లు చెప్పారు. నీళ్లు తగ్గాక పోదామని అత్త మేకను మేపుతూ ఉంది.

ఈలోగా యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం రాజ్యం పోయిందన్నారు. ఖాకీ చొక్కాలు బావుల్లో తేలాయి, వేసుకున్నవాళ్లు ఎటు పోయారో తెలియదు. మా వాడకట్టులో అందరికంటే పెద్ద జెండా కట్టింది ఎవరనుకున్నారు? మొన్నటిదాకా డేరాలకు మేకలు పంపిన ఆ పెద్దమనిషే. పల్లెల నుంచి చెడ్డ కబుర్లు వస్తున్నాయి. ఖాకీ చొక్కాల వాళ్లు చేసినదానికి, ఏ చొక్కా వేసుకోని సాయిబులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని. ఒక పొద్దున అత్త నాతో కూడా చెప్పకుండా వెళ్లి, ముల్లానూ ఆయన భార్యనూ పెరటి దారిన పిలుచుకొచ్చింది. మా గడ్డికొట్టం తలుపు ఇంటి లోపలికే ఉండేది, అందులోకి పోవాలంటే వంటిల్లు దాటాలి. ఇద్దరూ తలలు వంచుకుని మా పొయ్యి పక్కనుంచి నడిచిపోయారు. వాళ్లు లోపలికి పోయాక అత్త పేడ కలిపి వంటిల్లంతా అలికింది. నేను చూస్తూ నిలబడ్డాను. ఈ మనిషిని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ముల్లా ఇంటికి గుంపు వచ్చింది. "వాడు ఖాకీ చొక్కాలోళ్లకు మేకలు గోసి పెట్టిండు" అంటూ వాడకట్టు పెద్ద ముందు నడిచాడు. మనిషి దొరక్కపోయేసరికి ఇంటి మీద పడ్డారు. తలుపులు, గిన్నెలు, బొంతలు, గుంజకు కట్టిన మేకపిల్ల, ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. పెద్దమనిషి గిన్నెల జోలికి పోలేదు. మంజీర కాలువ కింద ముల్లాకు తాతలనాటి మడి ఒకటుండేది, రెండు పంటలు పండేది, ఈయన పొలానికి ఆనుకుని. ఏళ్లుగా అడుగుతున్నా ముల్లా ఇవ్వలేదు. "ధర్మం నిలబడాల్నంటే గట్లాంటోళ్లకు ఇక్కడ భూమి ఉండొద్దు" అని, మరునాడే అందులో తన నాగలి దింపించాడు. ధర్మమట! ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది.

ఇక్కడితో ఆపితే నా కథ సులువుగా ఉండేది. మతం పైపై మాట, అసలుది భూమి అని తేల్చేసేదాన్ని. కానీ ఆ గుంపులో ఒక కుమ్మరి యువకుడు ఉన్నాడు. అతని అన్నను ఖాకీ చొక్కాల వాళ్లు కాల్చి చంపారు. అతను ఏడుస్తూ ఆ ఇంటి గోడను కట్టెతో కొడుతూనే ఉన్నాడు. చెంచా కూడా తీసుకోలేదు. అతనికి ముల్లా పొలంతో పని లేదు. ముల్లా దేవుడి పేరు చెప్పుకునే వాళ్లే తన అన్నను చంపారు, అతనికి అంతే కనిపించింది. అతన్ని ఏ లెక్కలో వేయాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

గడ్డికొట్టంలో ముల్లా నమాజు శబ్దం లేకుండా చేసుకునేవాడు. ఆయన భార్యకు దగ్గు. ఆమె దగ్గినప్పుడల్లా నేను రోట్లో ఊరికే రోకలి వేసేదాన్ని. ఎన్నాళ్లు దాచగలం? ఎవరో ఒకరు లోపలికి చూస్తే వాళ్లతో పాటు మా ఇల్లూ పోతుంది. నా భర్త సన్నబడిపోయాడు.

అంతలో దసరా వచ్చింది. మా వైపు దసరాకు మాంసం లేని ఇల్లుండదు. అయితే కోసేవాళ్లంతా పారిపోయారో, దాక్కున్నారో! వాడకట్టు పెద్ద దీనికి జంకలేదు. "ఇగ మన రాజ్యం వచ్చింది" అని తన మనుషులతోనే మేకలు కోయించి, వాడకట్టంతటినీ భోజనానికి పిలిచాడు. మేమూ వెళ్లాం, వెళ్లకపోతే అనుమానమొస్తుందని. విస్తళ్లు వేశారు. కూర వాసన గుమ్మెత్తింది. వారాల తరబడి మాంసం మొహం చూడని జనం. ముద్ద కలపబోతుండగా ఆ పెద్దమనిషి తల్లి, పండు ముసలిది, అడిగింది.

"ఎవరు గోసిన్రు రా?"

"మనోళ్లే గోసిన్రమ్మా. రాజ్యం మారింది, ఇంక తురకోనితోని ఏం పని?"

"రాజ్యం మారితే నా నోరు మారుతదా?" అని ఆమె విస్తరి పక్కకు నెట్టేసింది.

ఇక చూడాలి. ఒక్కొక్కరి చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. ముల్లా తలుపులు పీక్కుపోయినవాడు, గిన్నెలు ఎత్తుకుపోయినవాడు, ఆయన బొంత కప్పుకుని పడుకుంటున్నవాడు, అందరూ మాంసాన్ని వేలితో పక్కకు జరిపి, పచ్చిపులుసు పోసుకుని అన్నం తిన్నారు. పెద్దమనిషి పౌరుషానికి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలి నమిలి, అటు తిరిగి ఉమ్మేశాడు. సరిగ్గా ఉడకలేదన్నాడు. ఆ దసరా మా వాడకట్టులో కుక్కలకే పండుగైంది.

ఇంటికి వస్తూ అత్త నవ్వుతోంది. ఆమె నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. గడ్డికొట్టం తలుపు దగ్గర నిలబడి, "ఓ ముల్లా, నీ పాణానికి తాళంచెవి దొరికింది తమ్మీ" అంది.

మర్నాడు పొద్దున్నే మొక్కు మేకకు పసుపు పూసి, వేపమండలు కట్టి, వాడకట్టు నడుమ నిలబెట్టింది. మగవాళ్లందరినీ పిలిపించింది. "మంజీర తగ్గింది. నా మొక్కు తీరాలె. అందరు ఏడుపాయలకు రాండ్రి, అందరికి అన్నం పెడ్త. కాని ముల్లా లేనిది నా మేక తెగది. మీరు ఆయన మీద చెయ్యెయ్యమని గీ మేక మీద ఒట్టు పెట్టుండ్రి. ఆయనకేమన్న అయితే నా మొక్కు చెడుతది. మొక్కు చెడగొట్టినోన్ని అమ్మ సూసుకుంటది" అంది.

వాడకట్టు పెద్ద గొంతు సవరించుకున్నాడు. "వాడు ఖాకీ చొక్కాలోళ్లకు మేకలు గోసి పెట్టిండు అక్కా. మర్చిపోయినవా?"

"గోసిండు. మేకలెవరియి?" అంది అత్త.

ఆ ప్రశ్న వాడకట్టులో అందరికీ తెలిసినదే. పైకి అడిగింది మాత్రం ఆమె ఒక్కతే. ఎవరో పొలమారినట్టు దగ్గారు. పెద్దమనిషి మొహం కందగడ్డయింది. అయినా అందరికంటే ముందు వచ్చి మేక వీపు మీద చెయ్యి పెట్టింది ఆయనే. ఇంకో మాట మాట్లాడనివ్వకుండా ఉండడానికనుకుంటాను. తర్వాత ఒక్కొక్కరూ పెట్టారు. కుమ్మరి యువకుడు మాత్రం దూరంగా నిలబడ్డాడు. ఒట్టు పెట్టని మనిషి ఒక్కడున్నా చాలు కదా, ముల్లా బతకడానికి లేదు.

అత్తే అతని దగ్గరికి వెళ్లింది. "నీ కోపం న్యాయమే బిడ్డా. నీ అన్నను సంపినోడు ఎదురైతే నేను నిన్ను ఆపను. ఈయన గాదు గదా" అంది. అతను వచ్చి, మేక కొమ్ము పట్టుకున్నాడు.

ఇక అమ్మ ఒప్పుకోవాలి. అత్త పసుపునీళ్లు చల్లింది. మేక కదల్లేదు. మళ్లీ చల్లింది. అది వేపాకు నములుతూ నిలబడింది. జనంలో గుసగుస మొదలైంది. అత్త ఏమాత్రం తొణక్కుండా చెంబెడు నీళ్లూ దాని చెవిలో కుమ్మరించింది. మేక తోక నుంచి తల దాకా ఒళ్లంతా విదిలించింది. అందరూ దండాలు పెట్టారు. చెవిలో నీళ్లు పోస్తే ఏ మేకైనా విదిలిస్తుందని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా పెట్టిన దండం నిజమైనదే.

అప్పుడు అత్త లోపలికి పోయి ముల్లాను తీసుకొచ్చింది. గడ్డిపోచలు గడ్డంలో చిక్కుకుని ఉన్నాయి. వెలుతురుకు కళ్లు చికిలించాడు. "అక్కా, నా చెయ్యి వణుకుతుంది" అన్నాడు.

"నది కాడికి పొయ్యేసరికి నిమ్మలమైతది" అంది.

బండ్లు కట్టుకుని ఏడుపాయలకు పోయాం. మంజీర ఒడ్డున ఆయన మేకను పడమటికి తిప్పి, గట్టిగా, అందరికీ వినిపించేలా తన దేవుడి పేరు చెప్పి కోశాడు. అందరూ తిన్నారు. వాడకట్టు పెద్ద మూడుసార్లు వడ్డించుకుని, "ఇప్పుడొచ్చింది రుచి" అన్నాడు. ముల్లా కొంచెం ఎడంగా ఒక బండ మీద కూర్చుని తిన్నాడు. ఆ వారంలోనే ఆయన తలుపులు, గిన్నెలు ఒక్కొక్కటే ఆయన గోడ పక్కన వెలిశాయి. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ చెప్పలేదు. బొంత కూడా వచ్చింది, ఉతికి.

పొలం మాత్రం రాలేదు. నా భర్త వెళ్లి అడిగితే, "సూస్తం" అన్నాడు పెద్దమనిషి. ఆ చూడడం ఆయన పోయేదాకా సాగింది. మా అన్న సంగతి చెప్పాలంటే, మన సర్కారు వచ్చింది కదా, ఇంటికొస్తాడని మా అమ్మ ఎదురుచూసింది. కొత్త సైన్యం కూడా సంఘం వాళ్లనే వెతికింది. మా అన్న మళ్లీ అడవి పట్టాడు. వెతికేవాళ్లు, దాక్కునేవాళ్లు ఒకే దేవుళ్లకు మొక్కేవాళ్లు. ఈ ముక్క ఆ గ్రంథాలయంలో లేచి చెప్పి ఉండాల్సింది. కానీ చెబితే కుమ్మరి యువకుడి గురించి కూడా చెప్పాలి. అత్త ఒట్టు గురించీ చెప్పాలి. ముల్లాను చంపడానికి వచ్చింది దేవుడి పేరుతోనే, బతికించింది కూడా దేవుడి పేరే. అంతా చెప్పేదాకా ఎవరు ఊరుకుంటారు?

మరుసటి ఏడు వరికోతల ముందు వాడకట్టు పెద్ద పొలం గట్టు మీది మైసమ్మకు మేకను ఇవ్వాలనుకున్నాడు. ఆ గట్టు కొత్తగా కలుపుకున్న మడిలో ఉంది. ముల్లాకు కబురు పంపాడు. ముల్లా వెళ్లాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ వెళ్లాడు. తన తాతలనాటి మడిలో నిలబడి, దాన్ని కాజేసినవాడి పంట బాగుండాలని మేకను కోసి, తన వంతు మాంసం మోదుగాకులో తెచ్చుకునేవాడు.

అలా వెళ్లబోతూ ఒకసారి మా అరుగు రాయి మీద కత్తి నూరుకుంటున్నాడు. దాహమన్నాడు. అత్త చెంబు తెచ్చి, ఎప్పటిలాగే పైకెత్తి పోసింది. ఆయన ఎప్పటిలాగే దోసిలి పట్టి తాగాడు. అత్త లోపలికి పోయాక నేను ఉండబట్టలేక అడిగాను. "చిచ్చా, నీ పొలంల నువ్వే పోయి వానికి మేక గోస్తవా? ఎందుకు?"

"పోనంటే మల్ల నా ఇంటి మీదికొస్తరు బిడ్డా."

"కోపం రాదా?"

ఆయన కత్తి అంచును బొటనవేలితో చూసుకున్నాడు. మళ్లీ రాయి మీద పెట్టి నూరాడు.

"రాకెట్లుంటది? గందుకే గా పొలంకు పొయ్యే దినం కత్తి ఇంకింత ఎక్కువ నూరుకుంట. నా కోపం మేకకు తగలొద్దు గదా" అన్నాడు.

కత్తిని గుడ్డలో చుట్టుకుని కాలువ గట్టు దారి పట్టాడు. నేను అరుగు మీద నిలబడి ఉన్నాను. ఆ ఒక్కరోజు నాకు ఇంకో ఎందుకు నోటికి రాలేదు.